గొళ్ళెం వెయ్యని చెయ్యి

"పాలు పెట్టావా బిందూ?" అని అత్తగారు జానకి ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే అడిగింది. కారు గుడివాడ దాటి పామర్రు రోడ్డెక్కింది. పెట్టానత్తయ్యా అని బిందు చెప్పింది, చెప్పి కూడా పక్కన తువ్వాల్లో చుట్టిపెట్టిన స్టీలు సీసాని మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుంది, ఎందుకంటే పెట్టాను అన్న మాట తన నోటమ్మట వస్తే ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు, నమ్మనివాళ్ళలో అందరికన్నా ముందు తనే. సీసా ఉంది. ఒళ్ళో తల పెట్టుకుని అనూష నిద్రపోతోంది, ఐదేళ్ళ పిల్ల, పట్టు పరికిణీ నలిగిపోతుందే అని నానమ్మ మొత్తుకున్నా వినకుండా కాళ్ళు ముడుచుకుని, నోరు కాస్త తెరుచుకుని. స్టీరింగు దగ్గర లోహిత్ చెవిలో బ్లూటూత్ పెట్టుకుని చేపల లారీ సంగతి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి మొక్కు తీర్చుకోవాలి, స్వామి పానవట్టం కింద కన్నంలో పాలు పోయాలి, పిల్ల నీళ్ళలోంచి ప్రాణాలతో బయటపడినందుకు అత్తగారు మొక్కుకున్న పాలు. ఆ పని అయ్యాక అవనిగడ్డ అవతల, మావయ్య ఒక్కరే ఉంటున్న అత్తగారి ఊరు వెళ్ళి, ఇన్నాళ్ళూ తమ దగ్గరే ఉన్న ఆవిడతోపాటు అనూని అక్కడ దింపేసి రావాలి. దింపేసి అన్న మాట లోహిత్‌దే. కొన్నాళ్ళు అమ్మా నాన్నా దగ్గర ఉంటుంది, నువ్వు కాస్త కుదుటపడ్డాక చూద్దాం అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అతను చెప్పలేదు, తను అడగలేదు. డిక్కీలో అనూ బట్టలు, బొమ్మలు, దగ్గు మందు, పడుకునేటప్పుడు పక్కన లేకపోతే ఊరుకోని చిరుగుల దుప్పటి, అన్నీ బిందే సర్దింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కటి కూడా మర్చిపోకుండా సర్దిన మొదటి సంచీ అదే. మందు పనిచేస్తోందని లోహిత్ కూడా ఒప్పుకున్నాడు.

పొద్దున టిఫిన్ తిన్నాక ఒక బిళ్ళ. పిల్ల నీళ్ళలో పడ్డాక బందరులో డాక్టర్ ఉమాదేవి గారు రాసిచ్చారు. ఏడీహెచ్‌డీ అంటే అల్లరి పిల్లలకి ఉండేది కదండీ, ఇంత వయసొచ్చాక రావడమేంటి అని లోహిత్ అడిగితే, ఇప్పుడు రాలేదండీ, చిన్నప్పట్నుంచీ ఉన్నదే, ఎవరూ పేరు పెట్టి పిలవలేదంతే అన్నారావిడ. ఆ మాటకి బిందు ఏడ్చింది. ఎందుకేడ్చిందో లోహిత్‌కి అర్థం కాలేదు, ఏమని చెబుతుంది, బళ్ళో బోర్డు వైపు చూడమంటే కిటికీ మీద వాలిన తూనీగ వైపు చూసినందుకు తిన్న దెబ్బలు, నాన్న మంగినపూడి బీచికి తీసుకెళ్తే చెప్పులు ఎక్కడ విడిచిందో గుర్తు లేక కాలే ఇసకలో నడిచిన నడక, పెళ్ళయ్యాక ఇల్లంతా సగం తాగి వదిలేసిన కాఫీ గ్లాసులు, పొంగిన పాలు, మాడిన కూరలు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ డాక్టరు గదిలో బెంచీ మీద కూర్చున్నాయి. మొదటి బిళ్ళ వేసుకున్న రోజు ఏమైందంటే, ఏమీ కాలేదు. వంటింట్లో నిలబడి ఉంది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, ఆ చప్పుడొక్కటే వినిపించింది. అంతకుముందు తలలో ఎప్పుడూ పెళ్ళివారి విడిదిలా ఉండేది, ఎవరికి వాళ్ళు మాట్లాడేస్తూ, ఎవరూ మాట పూర్తి చెయ్యకుండా. ఇప్పుడు అందరూ భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది, తరగడం పూర్తి చేసింది, చెబితే నవ్వుతారు గానీ ఆ ముక్కల వంక చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయింది. నోరు ఎండిపోతుంది, మధ్యాహ్నం అన్నం సయించదు, సాయంత్రమయ్యేసరికి మందు దిగిపోయి విడిది మళ్ళీ మొదలవుతుంది, అయినా పగలు మాత్రం తనది. ఇప్పుడు ఏ ఆలోచన పట్టుకున్నా దాని చివరిదాకా వెళ్ళొచ్చు. అదే భయంగా ఉంటోందని ఉమాదేవి గారికి ఈసారి వెళ్ళినప్పుడు చెప్పాలనుకుంది.

ఎందుకంటే ఏది పట్టుకుని బయల్దేరినా చివర గేటు దగ్గరే తేలుతోంది. నందివాడ దగ్గర వాళ్ళ చేపల చెరువులు, గట్టుకి ఆనుకునే ఇల్లు, పెరటికీ గట్టుకీ మధ్య ఇనప గేటు, దానికో గొళ్ళెం. చిన్నపిల్ల తిరిగే ఇల్లు కాబట్టి ఎవరు గట్టు మీదికి వెళ్ళినా తిరిగొచ్చేటప్పుడు గొళ్ళెం వేసి రావాలి. తన మతిమరుపుకి బిందు తనే ఒక మందు కనిపెట్టుకుంది అప్పట్లో, గొళ్ళెం వేసి, గేటుని అరచేత్తో రెండుసార్లు చరిచి, వేశాను అని పైకి అనేది. చెరువు కాపలా పున్నారావు ఆ చప్పుడు విని గట్టు మీంచి, విన్నానమ్మా, వేశారు, అని నవ్వేవాడు. మొన్న నాగుల చవితి నాడు ఆ గేటు తెరిచి ఉంది. గట్టు మీద తుమ్మచెట్టు మొదట్లో ఉన్న పుట్టలో పొద్దున నానమ్మతో కలిసి పాలు పోసొచ్చిన అనూ, పాము తాగిందో లేదో చూద్దామని తర్వాత ఒక్కతే వెళ్ళింది. కాలు జారింది. మేత గోతాలు వేలాడదియ్యడానికి చెరువులో పాతిన వెదురు కర్ర ఒకటి చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది, బిందు పరిగెత్తుకెళ్ళి దూకేసరికి పిల్ల ఆ కర్రని కరుచుకుని, ఏడవకుండా, గడ్డం దాకా నీళ్ళలో, తల్లి వంక కాకుండా నీళ్ళ వంక చూస్తోంది. ఒడ్డుకొచ్చాక అందరూ అడిగిన మాట ఒక్కటే, గేటు ఎవరు వెయ్యలేదు. నేను వేసే వచ్చాను అంది అత్తగారు. ఇంకెవరు, బట్టలారేసే తీగ గేటవతలేగా, బిందు వెళ్ళుంటుంది అన్నారు. బిందుకి అరచేతిలో ఇనుము తగిలిన గుర్తు ఇంకా ఉంది, అవును, నా చెయ్యి గేటు మీద పడింది, నేనే, నేనే మర్చిపోయుంటాను అని తనే అంది. అలా ఒప్పుకున్నాక ఆ పూట ఇంట్లో అందరికీ కాస్త ఊపిరాడింది, లోహిత్ లోపలికెళ్ళి చొక్కా మార్చుకొచ్చాడు.

పామర్రు సెంటర్లో బస్సుల మధ్య కారు ఆగి ఆగి మలుపు తిరిగింది. వరి కోసిన చేలల్లో మినుము మోకాలెత్తు లేచి ఉంది, మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, దూరాన కాలవ గట్టు మీద నడిచే మనుషులకి కాళ్ళు కనిపించడం లేదు. లోహిత్ ఫోన్ పెట్టేసి ఒక నిట్టూర్పు విడిచి, "ఏసీ ఎక్కువైందా వెనక?" అన్నాడు. ఆ నిట్టూర్పు కూడా మందు మొదలుపెట్టాకే వినబడింది బిందుకి. ఇన్నేళ్ళూ తల నిండా రొద, అందులో మొగుడు ఏం అన్నాడో పట్టుకోవడమే గగనం, అనబోయే ముందు ఏం చేశాడో ఎవరికి తెలుసు. తనతో మాట్లాడబోయేముందు ప్రతిసారీ ఒక నిట్టూర్పు, లారీ వాళ్ళతో లేదు, పున్నారావుతో లేదు, తల్లితో లేదు. చెడ్డవాడు కాదు లోహిత్, తనని విజయవాడ, బందరు తిప్పి డాక్టర్లకి చూపించింది అతనే. అలసిపోయాడు. అలసిపోయిన మనిషి ఇంట్లో ఏది పాడైనా ఒకే చోట వెతుకుతాడు, అది బిందు దగ్గర దొరుకుతుంది, దొరక్కపోతే బిందే ఎక్కడో ఒకచోట వెతికి తెచ్చి ఇస్తుంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, బిందు. మోటారు ఆపలేదు, ట్యాంకు పొంగింది, బిందు. అత్తగారి కళ్ళజోడు ఫ్రీజర్లో దొరికింది, అబ్బ, బిందూ. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. మందు మొదలయ్యాక తన కాఫీ గ్లాసులు తగ్గాయి, తాళాలు మేకుకే ఉంటున్నాయి, ఇస్త్రీ పెట్టె వేడిగా వదిలేసిన పాపాన పోలేదు. కానీ ఇంట్లో మర్చిపోవడాలు తగ్గలేదు. ఈ సంగతి గమనించి కూడా కొన్నాళ్ళయింది, గమనించి పక్కన పెట్టింది, పాము కుబుసం కనిపిస్తే కర్రతో పక్కకి నెట్టేసినట్టు. మొన్న తను మందు తెచ్చుకోవడానికి తెల్లారకుండానే బందరు బస్సెక్కింది, ఆ రోజు మధ్యాహ్నం లోహిత్ ఫోన్ చేసి, గ్యాస్ ఆపకుండా వెళ్ళిపోయావ్, ఇల్లంతా వాసన, అమ్మకి తల తిరిగిందంట అన్నాడు. బస్టాండులో నిలబడి సారీ బావా అంది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతుంటే గుర్తొచ్చింది, పొద్దున తను అసలు స్టవ్వు వెలిగించలేదు, కాఫీ కూడా బస్టాండులోనే తాగింది. ఆ మాటే చెబితే లోహిత్ నిట్టూర్చి, అదిగో, ఈ మందుకి అనుమానాలు పెరుగుతాయని నెట్‌లో రాశారు, డాక్టరమ్మని అడుగుదాం అన్నాడు. అప్పట్నుంచి ఏమీ చెప్పడం లేదు.

"పాలు పెట్టారా?" అంది అత్తగారు.

"పెట్టిందిలేమ్మా, బిందు దగ్గరున్నాయి," అన్నాడు లోహిత్, నవ్వుతూ. ముసలివాళ్ళ ఆరాటం అన్న నవ్వు. జానకి తల ఊపింది. చక్కగా దువ్వి ముడేసిన జుట్టు, మడత నలగని గద్వాల చీర, చేతిలో చిన్న పర్సు, దాన్ని తెరుస్తుంది, లోపల చూస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. గుడివాడ నుంచీ అదే పని. బిందు ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. పాత బుర్రయితే ఈపాటికి మినుము చేల మీదికో, లారీ వెనక రాసిన అక్షరాల మీదికో ఎగిరిపోయుండేది. ఇప్పుడు ఎగరడం లేదు, ఆ చేతుల దగ్గరే కూర్చుంది.

కూచిపూడి ఊళ్ళోంచి వెళ్తుంటే స్పీడ్ బ్రేకరుకి అనూ కదిలి, అమ్మా వచ్చేసిందా అని నిద్రలోనే అడిగి మళ్ళీ పడుకుంది. అప్పుడే అత్తగారు ముందు అద్దంలోంచి బిందు వంక చూసి, గొంతు తగ్గించి, "నువ్వు గుళ్ళోకి రావచ్చుగా? అడ్డేం లేదుగా?" అంది. "లేదత్తయ్యా, పోయినవారమే అయిపోయింది," అంది బిందు. ఆడవాళ్ళ మాట అని లోహిత్ రోడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు. మామూలు మాట, ఏ గుడికి బయల్దేరినా అడిగే మాట, ఇదివరకయితే విన్నది విన్నట్టే జారిపోయేది. జారలేదు. ఈ మాట ఇదే గొంతుతో ఇంకోసారి ఎక్కడ విన్నాను అని బుర్ర ఆగింది, ఆగి వెనక్కి తిరిగింది. పొద్దున్నే. చలి. ఇత్తడి చెంబులో పాలు, పళ్ళెంలో చలిమిడి, నువ్వుల చిమ్మిలి. పట్టు చీర కట్టుకుని అత్తగారు వంటింటి గుమ్మంలో. నువ్వు పుట్ట దగ్గరికి రావచ్చుగా, అడ్డేం లేదుగా. ఉందత్తయ్యా, రాత్రే వచ్చింది. అయ్యో, పండగ పూట, సరే అయితే పుట్ట ఛాయలకి రాకు, పెరట్లోకి కూడా అడుగు పెట్టకు, వీధి వసారాలో కూర్చో, కాఫీ అక్కడికే తెచ్చిస్తా. తెచ్చిచ్చింది కూడా, వేరే గ్లాసులో. నాగుల చవితి.

నెమ్మదిగా, అనుకుంది బిందు, పరిగెత్తకు, ఒక్కొక్కటే. నాగుల చవితి పొద్దుటంతా తను వీధి వసారాలో ఉంది. లోహిత్ చీకటితోనే ఇంకో చెరువులో చేపల పట్టుబడికి వెళ్ళిపోయాడు, తను బయట ఉన్న సంగతి అతనికి తెలియదు. బట్టలు ఆరెయ్యలేదు, ఆ రోజు తను ఉతికితే ఎవరూ ముట్టుకోరు, తీగ గేటవతల ఉంది, గేటవతల పుట్ట ఉంది. గట్టు మీదికి వెళ్ళింది అత్తగారూ అనూ, వాళ్ళు తిరిగొచ్చాక పెరట్లోకి ఎవరూ వెళ్ళలేదు. తర్వాత అవతలి గట్టు మీంచి పున్నారావు కేక, అమ్మా, పాప, అమ్మా. తను లేచింది, ఇంట్లోంచి అడ్డంగా పరిగెత్తింది, కాదు, వంటింటి గుమ్మం దగ్గర ఒక్క అరక్షణం ఆగింది కూడా, బయట ఉన్నాను కదా దాటొచ్చా అని కాళ్ళు వాటంతట అవే ఆగాయి, ఛీ, అది కూడా గుర్తొచ్చింది ఇప్పుడు, అప్పుడు దాటింది, పెరడు, గాలికి ఊగుతూ ఎదురొచ్చిన గేటు, దాన్ని అరచేత్తో నెట్టింది. ఆ చలువే చేతిలో మిగిలింది. గేటు మీద తన చెయ్యి పడటం నిజమే, అప్పటికే గేటు తెరిచి ఉండటం కూడా నిజమే. ఇన్నాళ్ళూ సగం జ్ఞాపకాన్ని పట్టుకుని నేరం మొత్తం మోసింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది, ఆ మంట ఏ ఒక్క మనిషి మీదా కాదు, దేని మీదో కూడా తెలియదు. అనూ చెమట పట్టిన నుదుటి మీంచి వెంట్రుకలు వెనక్కి తోసింది.

అయితే ఆలోచన అక్కడ ఆగలేదు, ఆగితే బాగుండేది. అత్తగారు అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు, వేశాననే అనుకుంది, ఇప్పటికీ అనుకుంటోంది. ఉప్పు ఒక్కసారే వేశాననుకుంది. గ్యాస్ ఆపాననుకుంది. పాలు పెట్టావా అని ఇప్పటిదాకా అడగలేదనుకుంటోంది. ఇల్లంతా మర్చిపోయే మనిషి ఒకతే అని ఒప్పందానికొచ్చేశాక ఇంకో మనిషి మర్చిపోతుంటే ఎవరికి కనబడుతుంది, తన చాటున ఆవిడ ఎంత దూరం వెళ్ళిపోయిందో ఎవరు చూశారు. అనూని దింపబోయే ఆ ఊళ్ళో అత్తగారి ఇంటి వెనక కాలవ. గేటు లేదు, గొళ్ళెం లేదు, పెరట్లోంచి తిన్నగా రేవు మెట్లు. మావయ్య పిచ్చేశ్వరరావు గారు పొద్దున లేస్తే పొలం, పొలం నుంచొస్తే సెంటర్లో పేపరు, ఇంట్లో ఉండేది భోజనానికీ నిద్రకీ. మిగతా పగలంతా నానమ్మా, మనవరాలూ, కాలవ. ఏడవకుండా నీళ్ళ వంక చూసే పిల్ల. బావా, కారు తిప్పు అందామనుకుంది. ఎందుకంటాడు. అత్తయ్యకి మతి తప్పుతోంది అనాలి. ఆ మాట ఈ ప్రపంచంలో ఎవరు చెప్పినా నమ్ముతాడు, బిందు చెబితే తప్ప. అమ్మ మీద తోసేస్తున్నావా అంటాడు, మందు మార్పిద్దాం అంటాడు, అనూని ఇంకో ఆర్నెల్లు అక్కడే ఉంచుదాం అంటాడు. చల్లపల్లి వచ్చేసింది.

పూలూ అరటిపళ్ళూ ఇక్కడే తీసుకుందాం, మోపిదేవిలో మండిపోతాయి అంది అత్తగారు. సెంటరు దాటాక రోడ్డు వారన ఆపాడు లోహిత్. అనూ లేచి కూర్చుని నేనూ వస్తా అంది. వెనక తలుపులకి లోపల్నుంచి తెరుచుకోకుండా లాక్ ఉంది, పిల్ల కోసం పెట్టిందే, లోహిత్ దిగి బయట్నుంచి తెరిచి పిల్లని దింపి, ఆ చెయ్యి తన తల్లి చేతిలో పెట్టాడు. "నేను వెళ్తా బావా," అంది బిందు. "నువ్వు కూర్చో, అమ్మ చూసుకుంటుందిలే," అని తలుపు వేసేసి ఫోన్ ఎత్తి ముందు సీట్లో కూర్చున్నాడు. కిటికీ అద్దంలోంచి బిందు చూస్తూ ఉంది. ఆకుపచ్చ పరికిణీ, తెల్ల గద్వాల చీర. పూల బండి దగ్గర ఆగారు. అత్తగారు చామంతులు మూరేయించింది, పర్సు తెరవడానికి పిల్ల చెయ్యి వదిలింది, తెరిచింది, చూసింది, మూసింది, తెరిచింది. పక్క బండి మీద రంగు బెలూన్లు కట్టి ఉన్నాయి. అనూ రెండడుగులు అటు వేసింది. అత్తగారు పూల పొట్లం అందుకుంది, చుట్టూ ఒకసారి చూసింది, ఏదో వెతికినట్టు, ఏం వెతుకుతోందో తెలియనట్టు, ఆ తర్వాత ముఖం తేటపడి తిన్నగా నడిచొచ్చి కారెక్కి తలుపు వేసుకుంది. "పదరా, ఎండెక్కకుండా వెళ్దాం," అంది.

బిందు నోరు తెరిచింది. తెరిచి ఊరుకుంది. పిల్ల కనబడుతోంది, బెలూన్ల కింద, వేలు నోట్లో పెట్టుకుని. ఒక్కసారి వెనక్కి చూడు బావా, అనుకుంది, నేను చెప్పకుండా, నీ అంతట నువ్వు, ఒక్కసారి. లోహిత్ ఫోన్లో రేటు కుదరదంటూ గేరు వేశాడు, కుడి అద్దం చూశాడు, ఎడమ అద్దం చూశాడు, లోపలి అద్దం చూడలేదు. కారు కదిలింది. తను తలుపు పిడి లాగింది, అది ఉత్తినే ఆడింది, తెరుచుకోలేదు, లాక్ సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు, ఇన్ని గుర్తొచ్చిన పొద్దున అదొక్కటి గుర్తు రాలేదు. వెనకనుంచి అవనిగడ్డ బస్సు వచ్చి పూల బండికీ కారుకీ అడ్డంగా ఆగింది. ఆకుపచ్చ పరికిణీ లేదు. "బావా, ఆపు." లోహిత్ ఎడమ చెయ్యెత్తి ఆగమన్నట్టు ఊపాడు, ఫోన్లో ఉన్నానుగా అన్నట్టు. "అనూ కార్లో లేదు," అంది బిందు, కేక రాలేదు, గొంతు అంత మామూలుగా ఉండటం చూసి తనకే భయం వేసింది.

బ్రేకు పడింది. లోహిత్ వెనక్కి తిరిగాడు, ఖాళీ సీటు చూశాడు, బిందు ముఖం చూశాడు. "ఎక్కడ వదిలేశావ్?" అన్నాడు.

వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు. "అదేంట్రా, బిందు దగ్గరేగా ఉంది, నేనొక్కదాన్నేగా దిగింది," అంది జానకి, చామంతులు ఒళ్ళో పెట్టుకుని, ఎంతో నమ్మకంగా. లోహిత్ తన కుడి చెయ్యి వంక చూసుకున్నాడు, పిల్ల చెయ్యి పట్టుకుని తన తల్లికి ఇచ్చిన చెయ్యి అదే. అతని ముఖంలో రంగు దిగిపోవడం బిందు చూసింది, చూడటానికి కూడా ఆగలేదు, తలుపు తియ్యి అంది, అతను పడుతూ లేస్తూ దిగొచ్చి తీశాడు. బస్సు ముందునుంచి పరిగెత్తింది. బెలూన్ల దగ్గర లేదు. పూల బండి దగ్గర లేదు. అరటిపళ్ళ బండి, కొబ్బరికాయలు, మందుల షాపు, వెనక పంట బోదె, బోదెలో నీళ్ళు. నీళ్ళ వంక చూడకు, ముందు మనుషుల్ని చూడు, అనుకుంది, కాళ్ళు మాత్రం బోదె వైపే లాగాయి. అప్పుడు పూలమ్మే ఆవిడ బండి వెనక నుంచి, "ఇదిగోనమ్మా, మీ పాపేగా," అంది, అనూని గోనెపట్టా మీద కూర్చోబెట్టి చేతికో బంతిపువ్వు కూడా ఇచ్చి ఉంది. "పెద్దమ్మగారు చెయ్యొదిలేసి వెళ్ళిపోయారు, పిలుస్తున్నా వినపళ్ళా, ఇట్టా బోదె పక్కన ఒక్కతీ నిలబడితే నేనే కూసోబెట్టా." బిందు పిల్లని ఎత్తుకుంది. ఎత్తుకోవడం కాదు, లాక్కుంది. నేను చూస్తూ ఊరుకున్నాను, గెలవాలనుకుని ఊరుకున్నాను, అన్న మాట లోపల ఎక్కడో కూర్చుంది, అది ఇక లేవదని కూడా తెలిసింది. "నానమ్మ నన్ను మర్చిపోయిందమ్మా," అంది అనూ, ఫిర్యాదులా కాకుండా, చూసింది చెప్పినట్టు.

తిరిగొచ్చేసరికి లోహిత్ కారు పైకప్పు మీద రెండు చేతులూ ఆన్చి, తల దించుకుని రోడ్డు వైపు నిలబడి ఉన్నాడు. బిందుని చూసి ఏదో అనబోయాడు, నిట్టూర్పు రాలేదు, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. పిల్లని ఎక్కించుకుని వెనక కూర్చుంది. ముందు సీట్లోంచి అత్తగారు తిరిగి చూసింది, అద్దంలోంచి కాదు, మెడ పూర్తిగా తిప్పి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పిల్ల చెయ్యి ఎవరి చేతిలో పెట్టాడో లోహిత్ చెప్పినట్టున్నాడు. ఇంత భయం ఆ ముఖంలో బిందు ఎప్పుడూ చూడలేదు, ఆ భయం ఈ పూట పుట్టింది కాదని, ఎన్నాళ్ళ నుంచో లోపల దాచుకుని తిరుగుతోందని చూడగానే అర్థమైంది. సీట్ల మధ్యనుంచి చెయ్యి చాచి బిందు మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకునేంత గట్టిగా.

"ఆ గేటు కూడా నేనేనా అమ్మాయ్?" అంది, బయట కొడుక్కి వినపడకుండా. బిందు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "వేశాననే అనుకుంటానే. అన్నీ చేశాననే అనుకుంటా. నీకు ఆ బిళ్ళ పనిచేస్తోందిగా, చూస్తున్నాగా, ఏదీ మర్చిపోవట్లా నువ్వు. నాక్కూడా ఒకటి ఇవ్వవే. వాడికి చెప్పకు."

ఆ బిళ్ళ ఈ జబ్బుకి కాదని చెప్పాలి. దీనికి ఉమాదేవి గారి దగ్గర అంత తేలికైన బిళ్ళ ఏదీ ఉండదని కూడా చెప్పాలి. ఇన్నేళ్ళూ తనని ఇంటిల్లిపాదిలో తప్పులపుట్టగా నిలబెట్టిన మనిషి, ఇప్పుడు తన మణికట్టు పట్టుకుని బతిమాలుతోంది, కోపం రావాలి, వచ్చింది కూడా, దాంతోపాటే ఇంకోటి వచ్చింది, బళ్ళో తూనీగ వంక చూస్తూ దెబ్బలు తిన్న పిల్లకి మాత్రమే తెలిసింది. చెబుతా అత్తయ్యా, అందరం కలిసే వెళ్దాం డాక్టరు దగ్గరికి, అని మొదలుపెట్టబోయింది. తలుపు తెరుచుకుని లోహిత్ వచ్చి కూర్చున్నాడు. తాళం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా లోపలి అద్దం సరిచేశాడు. "గుడికి వెళ్ళి, తిరిగి ఇంటికే వెళ్దాం," అన్నాడు, అద్దంలో బిందు కళ్ళలోకి చూస్తూ. "అందరం. నాన్నని కూడా మన దగ్గరికే రమ్మందాం." బిందు తలూపింది.

కారు కదిలింది. జానకి చెయ్యి నెమ్మదిగా బిందు మణికట్టు మీంచి జారి, ఒళ్ళో చామంతుల మీద పడి, పర్సు తెరిచి, చూసి, మూసింది. కళ్ళలో తడి ఆరుతోంది, భయం కూడా ఆరుతోంది, ముఖం మళ్ళీ తేటపడింది, పండక్కి బయల్దేరిన మనిషిలా.

"పాలు పెట్టావా బిందూ?" అంది.

"పెట్టానత్తయ్యా," అంది బిందు. ఒక చేత్తో అనూ చెయ్యి అలాగే పట్టుకుని, రెండో చేత్తో సీసా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.